యూరప్ రకం, అమెరికా రకం, చైనా రకం: పందుల వైరస్ ఒక్కటే అయితే ఇన్ని పేర్లెందుకు?

పందుల వైరస్ అనగానే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది స్వైన్ ఫ్లూ. 2009లో అది చేసిన హడావిడి అలాంటిది మరి. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. ఇది మనుషులకు సోకదు, అందుకే పేపర్లలో పెద్దగా కనిపించదు, కానీ పందుల పెంపకం మీద బతికే వాళ్లను అడిగితే దీని పేరు వింటేనే టెన్షన్ పడతారు. పేరు పీఆర్‌ఆర్‌ఎస్. పేరు విడమరిస్తే గర్భాన్నీ ఊపిరితిత్తుల్నీ రెండింటినీ దెబ్బతీసే రోగం అని అర్థం. చూడి పందులు ఇంకొన్ని వారాల్లో ఈనుతాయనగా ఈసుకుపోతాయి, అంటే గర్భం పోతుంది, పుట్టిన పిల్లల్లో కొన్ని చచ్చే పుడతాయి, బతికినవి నీరసంగా ఉండి పాలు కూడా తాగలేవు, ఎదిగే పందులకేమో జ్వరం, ఆయాసం. కొన్నింటికి చెవులు నీలంగా మారతాయి కాబట్టి బ్రిటన్‌లో దీన్ని నీలి చెవుల రోగం అనేవాళ్లు. ఒక్క అమెరికాలోనే 2016 నుంచి 2020 దాకా ఏడాదికి దాదాపు 120 కోట్ల డాలర్ల నష్టం చేసిందని అక్కడి లెక్క.

ఈ రోగం గురించి ఏం చదివినా ‘యూరప్ రకం’, ‘అమెరికా రకం’, ‘చైనా స్ట్రెయిన్’ అనే మాటలు వస్తూనే ఉంటాయి. చదివేవాళ్లకు ఇవన్నీ ఒకే వైరస్‌కు చిన్న చిన్న తేడాలున్న రూపాలని అనిపిస్తుంది, పైగా ఏ రకం ఏ దేశంలో ఉంటుందో, ఏది ఎంత ప్రమాదమో పేరే చెప్పేస్తున్నట్టు కూడా అనిపిస్తుంది. రెండూ తప్పే. ఎందుకు తప్పో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1987 ప్రాంతంలో అమెరికాలో, ముఖ్యంగా నార్త్ కరొలైనా, అయోవా, మిన్నెసోటా రాష్ట్రాల ఫారాల్లో పందులు ఈసుకుపోవడం మొదలైంది. కారణం ఎవరికీ అంతు పట్టలేదు. రోగానికి పేరు కూడా ‘అంతుచిక్కని పందుల జబ్బు’ అనే పెట్టుకున్నారు. సముద్రానికి అవతల జర్మనీలో 1990 చివర్లో, నెదర్లాండ్స్‌లో 1991 జనవరిలో అచ్చం ఇవే లక్షణాలు. అమెరికా నుంచి యూరప్‌కు వచ్చిందనే ఎవరైనా అనుకుంటారు, మధ్యలో మూడేళ్ల తేడా ఉంది కదా. 1991లో నెదర్లాండ్స్‌లోని లెలీస్టాడ్ అనే ఊళ్లో ఉన్న పశువైద్య పరిశోధనా సంస్థ వాళ్లు పంది ఊపిరితిత్తుల్లో ఉండే రక్షణ కణాల మీద ఈ వైరస్‌ను పెంచి పట్టుకున్నారు. దానికి లెలీస్టాడ్ వైరస్ అని ఊరి పేరే పెట్టారు. ఆ మరుసటి ఏడాది అమెరికా వాళ్లు తమ వైరస్‌ను ప్రకటించారు, దాని పేరు వీఆర్-2332. అదేదో కోడ్ భాష కాదు, సూక్ష్మజీవుల నమూనాలు దాచే సంస్థలో దానికిచ్చిన నంబరు, అంతే.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం బయటపడింది. యూరప్‌లో జబ్బు పడి కోలుకున్న పందుల రక్తంలోని యాంటీబాడీలు అమెరికా వైరస్‌ను సరిగ్గా గుర్తుపట్టలేదు, అమెరికా పందుల యాంటీబాడీలు లెలీస్టాడ్‌ను సరిగ్గా గుర్తుపట్టలేదు. తర్వాత జన్యువులు చదివితే రెండింటి మధ్య పోలిక సుమారు 60 శాతమే అని తేలింది. అంటే ఒకటి రెండో దాని నుంచి మూడేళ్ల కింద వచ్చిందనే మాటకు అవకాశమే లేదు. రెండు ఖండాల్లో, దాదాపు ఒకే సమయంలో, ఒకే రోగ లక్షణాలతో, రెండు వేర్వేరు వైరస్‌లు బయటపడ్డాయి. నాకు ఈ కథ మొత్తంలో ఇప్పటికీ వింతగా అనిపించేది ఇదే.

ఆ 60 శాతం దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే చాలామంది ఈ అంకెను ‘సగానికి పైగా ఒకటే కదా’ అని చదువుతారు. ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ, దాదాపు 15,000 అక్షరాల పొడవు. అక్షరాలు నాలుగే నాలుగు. కాబట్టి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు వరుసలను పక్కన పెట్టినా నాలుగింట ఒక చోట, అంటే 25 శాతం, ఊరికే కలిసిపోతుంది. సున్నా దగ్గర కాదు, లెక్క అక్కడ మొదలుపెట్టాలి. ఇంకో వైపు నుంచి చూస్తే, కోవిడ్ వైరస్ జన్యువు సుమారు 30,000 అక్షరాలు, ఒమిక్రాన్ వచ్చినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది కదా, అందులో మొదటి వూహాన్ వైరస్‌తో పోలిస్తే ఉన్న మార్పులు ఓ యాభై. 30,000కు యాభై! ఇక్కడ 15,000 అక్షరాల్లో ఆరు వేల చోట్ల తేడా. దీన్ని ఒకే వైరస్‌కు రెండు ‘రకాలు’ అనడమే అసలు కుదరదు. వైరస్‌లకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం కూడా చివరికి ఆ నిర్ణయానికే వచ్చి రెండింటినీ రెండు వేర్వేరు జాతులుగా విడదీసింది. వాడుకలో యూరప్ దాన్ని పీఆర్‌ఆర్‌ఎస్‌వీ-1 అనీ, అమెరికా దాన్ని పీఆర్‌ఆర్‌ఎస్‌వీ-2 అనీ అంటున్నారు. ఇక్కడి నుంచి నేను ఒకటి, రెండు అనే అంటాను.

తేడా అంతటా ఒకేలా పరుచుకుని ఉండదు, ఇది ముఖ్యం. వైరస్ తన కాపీలు తయారు చేసుకునే యంత్రాంగం ఉన్న భాగంలో మార్పులు తక్కువ, అక్కడ ఏదైనా తేడా కొడితే వైరస్ బతకదు. వైరస్ పైపొరలో ఉండే ఎం ప్రోటీన్‌లో రెండు జాతుల మధ్య దాదాపు 80 శాతం పోలిక ఉంటుంది. దాని పక్కనే జతగా ఉండే జీపీ5 అనే ప్రోటీన్‌కు వచ్చేసరికి యాభై చిల్లరకు పడిపోతుంది. పంది రోగనిరోధక వ్యవస్థకు ఎదురుపడే భాగాల్లో ఇదొకటి, కాబట్టి మారుతూ ఉండడం వైరస్‌కే లాభం. ఇక ఎన్‌ఎస్‌పీ2 అనే భాగం సంగతి చెప్పక్కర్లేదు, అందులో సగం పోలిక కూడా ఉండదు, ముక్కలకు ముక్కలు ఊడిపోయినా వైరస్ హాయిగా తిరుగుతుంది. దీని పేరు గుర్తుపెట్టుకోండి, చైనా దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ వస్తుంది.

ఇంత వేగంగా మారడానికి కారణం కూడా సూటిగా చెప్పేయొచ్చు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు కాపీ చేసుకునేటప్పుడు తప్పులు చేస్తాయి. కోవిడ్ కుటుంబం వైరస్‌లకు ఆ తప్పులను కొంతవరకు దిద్దుకునే ఎంజైమ్ ఒకటి ఉంది. పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్‌లు వాటికి దూరపు చుట్టాలే అయినా ఆ ఎంజైమ్ లేదు. తప్పు పడితే పడిందే. అందుకే వైరస్‌లన్నింటిలో అతి వేగంగా మారే వాటి జాబితాలో ఇది ఉంటుంది.

మరి ఒకటీ రెండూ ఎప్పుడు విడిపోయాయి? మార్పుల వేగం తెలుసు, ఇప్పటి తేడా తెలుసు, భాగించేస్తే సరిపోతుందని అనుకుంటాం. 2005లో రెండు పరిశోధక బృందాలు దాదాపు అదే పని చేశాయి. ఒకళ్లకు రెండింటి ఉమ్మడి పూర్వీకుడు 1880 ప్రాంతంలో ఉండేదని వచ్చింది. ఇంకొకళ్లకు 1980 ప్రాంతం అని వచ్చింది. నూరేళ్ల తేడా! ఇందులో ఎవరో లెక్కలు రానివాళ్లని కాదు. ఇంత వేగంగా మారే వైరస్‌లో ఒకే చోట అక్షరం రెండు మూడు సార్లు మారి ఉండొచ్చు, మారి మళ్లీ మొదటికి వచ్చి ఉండొచ్చు, మనకు కనిపించేది మాత్రం మొదలు, చివర, అంతే. పైగా ఇవాళ ఫారాల్లో చూస్తున్న వేగమే ఎప్పుడూ ఉందని అనుకోవాలి, ఆ అనుకోవడంలో కాస్త అటూ ఇటూ అయితే జవాబు దశాబ్దాలు జరిగిపోతుంది. నన్నడిగితే 1980 అనే లెక్కను నమ్మడం కష్టం. కెనడాలోని ఒంటారియోలో దాచి ఉంచిన పాత రక్త నమూనాలను తర్వాత పరీక్షిస్తే 1979 నాటి పందుల్లోనే యాంటీబాడీలు దొరికాయి, అంటే ఆ ఏటికే వైరస్ అక్కడ చేరి ఉంది. ఇంత తేడా ఉన్న రెండు జాతులు అంతకు కాస్త ముందే విడిపోయాయంటే గొంతు దిగదు.

విడిపోకముందు ఎక్కడుండేది అన్నదానికి ఒక ఆసక్తికరమైన ఊహ ఉంది. ఎలుకల్లో వీటికి దగ్గర చుట్టమైన వైరస్ ఒకటి ఉంది. అది మధ్య యూరప్‌లో ఎలుకల నుంచి అడవి పందులకు ఎక్కి ఉంటుందనీ, 1912లో వేట సరదా కోసం జర్మనీ నుంచి నార్త్ కరొలైనాకు తెప్పించిన అడవి పందులతో పాటు అది అమెరికా చేరి, రెండు చోట్లా దశాబ్దాల పాటు విడివిడిగా మారి, పెద్ద ఫారాల కాలం వచ్చాక ఊరి పందుల్లోకి దూకిందనీ 2003లో ఒక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. రుజువు కాలేదు. కానీ రెండు ఖండాల్లో ఒకేసారి ఎందుకు బయటపడిందన్న ప్రశ్నకు ఇందులో సగం జవాబైనా ఉంది. వేల పందుల్ని ఒకే షెడ్డు కింద పెంచడం, పిల్లల్ని, వీర్యాన్ని దేశమంతా తిప్పడం రెండు ఖండాల్లోనూ ఆ రోజుల్లోనే ఊపందుకుంది. ఎప్పటి నుంచో ఎక్కడో మూలన ఉన్న వైరస్‌లకు దారి దొరికింది.

‘యూరప్ రకం’ అనే మాట లోపల కూడా ఒక గొడవ ఉంది. పశ్చిమ యూరప్‌లో దొరికే పీఆర్‌ఆర్‌ఎస్‌వీ-1లు అన్నీ ఒకే ఉపరకం, సబ్‌టైప్ 1. పోలండ్ తూర్పు సరిహద్దు దాటి బెలారస్, లిథువేనియా, రష్యా వైపు వెళ్తే సబ్‌టైప్ 2, సబ్‌టైప్ 3 కనిపిస్తాయి, వాటిలో వాటికే బోలెడు తేడాలు. వైవిధ్యం ఎక్కడ ఎక్కువగా ఉంటే వైరస్ అక్కడ ఎక్కువ కాలంగా ఉందని అనుకోవడం మామూలు, కాబట్టి పీఆర్‌ఆర్‌ఎస్‌వీ-1 పుట్టిల్లు తూర్పు వైపే ఉండొచ్చన్న వాదనకు బలం ఉంది. 2007లో బెలారస్‌లో దొరికిన లీనా అనే సబ్‌టైప్ 3 వైరస్ ప్రయోగశాలలో పందులకు ఎక్కిస్తే విపరీతమైన జ్వరం, చావులు. ‘యూరప్ రకం అంటే మెతక రకం’ అనే అభిప్రాయం అప్పటిదాకా చాలామందిలో ఉండేది. ఆ అభిప్రాయం పశ్చిమ యూరప్ వైరస్‌లను చూసి ఏర్పడింది, యూరప్ మొత్తాన్ని చూసి కాదు.

పేరులోని ప్రాంతం, వైరస్ ఇప్పుడున్న ప్రాంతం వేరు కావడం ఎప్పుడో మొదలైంది. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే, అంతమాత్రాన కొండపల్లి వాళ్లందరూ ఇప్పుడు కొండపల్లిలో ఉంటున్నారని ఎవరూ అనుకోరు కదా, ఇదీ అంతే. డెన్మార్క్ సంగతి చూడండి. అక్కడ మొదట ఉన్నది ఒకటో జాతి మాత్రమే. 1996లో వీఆర్-2332 నుంచి తయారైన లైవ్ వ్యాక్సీన్, అంటే బలహీనపరిచిన వైరస్‌నే సజీవంగా ఎక్కించే టీకా, అక్కడి పందులకు వేశారు. ఆ టీకా వైరస్ పందుల్లో పెరుగుతూ పెరుగుతూ మళ్లీ బలం పుంజుకుంది, టీకా వేయని ఫారాలకూ పాకింది, పందులు ఈసుకుపోయాయి. అలా ‘అమెరికా రకం’ డెన్మార్క్‌లో స్థిరపడింది, తీసుకొచ్చింది ఎవరో పందుల వ్యాపారి కాదు, టీకా. అటు అమెరికాలో 1999 నుంచి యూరప్ జాతి వైరస్‌లు కనిపించడం మొదలైంది. థాయ్‌లాండ్, దక్షిణ కొరియా, చైనాల్లో రెండూ ఉన్నాయి. ఇన్ని జరిగాక కూడా ఒకటో జాతికి యూరప్ పేరూ రెండో జాతికి అమెరికా పేరూ వచ్చేలా లాటిన్ పేర్లు పెట్టారు అధికారికంగా. ఏం చేస్తాం.

ఇప్పుడు చైనా. 2006 వేసవిలో అక్కడి పందుల్లో ఓ కొత్త జబ్బు, 41 డిగ్రీలకు పైగా జ్వరం, ఒళ్లంతా ఎర్రబడటం, పిల్లలే కాదు పెద్ద పందులు కూడా పడిపోవడం. కొన్ని నెలల్లో 20 లక్షలకు పైగా పందులకు సోకితే దాదాపు 4 లక్షలు చచ్చిపోయాయి. మామూలు పీఆర్‌ఆర్‌ఎస్ పెద్ద పందుల్ని ఇలా చంపదు, అందుకే మొదట ఎవరూ దీన్ని అనుమానించలేదు. చివరికి తేలింది మాత్రం పీఆర్‌ఆర్‌ఎస్‌వీ-2 అనే. అంటే ‘చైనా స్ట్రెయిన్’ పుట్టుక ప్రకారం అమెరికా జాతి వైరస్. జన్యువు చదివితే ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఎన్‌ఎస్‌పీ2 భాగంలో 30 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటివి, ఎగిరిపోయి ఉన్నాయి, ఒక చోట ఒకటి, కాస్త దూరంలో వరసగా 29. చూసిన ప్రతి ప్రాణాంతక వైరస్‌లోనూ ఇదే గుర్తు. అందరూ ఏమనుకుంటారో మీరూ అదే అనుకుంటున్నారు: ఈ ముక్క పోవడం వల్లే వైరస్ ఇంత భయంకరంగా తయారైంది.

చైనా శాస్త్రవేత్తలు ఆ మాటను ఊరికే వదిలేయలేదు, పరీక్షించారు. ప్రాణాంతక వైరస్‌లో ఎన్‌ఎస్‌పీ2 భాగాన్ని తీసి, ముక్క ఊడిపోని మామూలు వైరస్ భాగాన్ని దాని చోట అతికించారు. 2009లో ఫలితం వచ్చింది: మార్చిన వైరస్ కూడా పందుల్ని అలాగే చంపింది. ఊడిపోయిన 30 అమైనో ఆమ్లాలకూ ఆ తీవ్రతకూ సంబంధం లేదు. అది ఆ వంశాన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చే పుట్టుమచ్చ మాత్రమే. తీవ్రత వెనక ఉన్నవాటిలో వైరస్ కాపీలు తయారు చేసే ఎన్‌ఎస్‌పీ9, ఎన్‌ఎస్‌పీ10 అనే భాగాలు ఉన్నాయని 2014లో తెలిసింది, ఇందాక ‘అక్కడ మార్పులు తక్కువ’ అని చెప్పానే, ఆ భాగం. అంటే కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద తేడా ఏమీ చేయలేదు, ఎవరి కంటా పడని చిన్న తేడాలు ప్రాణాలు తీశాయి. ‘ఈ రెండు స్ట్రెయిన్ల మధ్య తేడా ఎంత శాతం’ అనే ప్రశ్నకు జవాబు తెలిసినా ‘ఏది ఎక్కువ ప్రమాదం’ అనేదానికి జవాబు తెలియదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ వంశం అక్కడే ఆగలేదు. 2007లో వియత్నాం, ఆ తర్వాత ఫిలిప్పీన్స్, లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్, 2011 నాటికి మయన్మార్. 2013లో మిజోరంలో పందులు చావడం మొదలైంది, భారత్‌లో పీఆర్‌ఆర్‌ఎస్ విరుచుకుపడడం అదే మొదటిసారి, వైరస్ చూస్తే ఈ చైనా వంశానిదే. మయన్మార్‌తో మిజోరం సరిహద్దు పొడవెంత ఉందో మ్యాప్ చూస్తే తెలుస్తుంది, పందులు, మాంసం అటూ ఇటూ వెళ్లడం అక్కడ కొత్త కాదు. పెరట్లో రెండు మూడు పందులు పెంచుకుని, పిల్లల ఫీజులకో పెళ్లికో వాటిని అమ్ముకునే కుటుంబాలున్న రాష్ట్రం అది. మన దగ్గర పందుల పెంపకం ఏదో కొందరి పనిగా ఉండిపోయింది కాబట్టి ఈ దెబ్బ ఎంతటిదో మనకు సులువుగా అర్థం కాదు.

తేడాలను కొలిచే పద్ధతే ఇంకో తలనొప్పి. 15,000 అక్షరాలూ చదవడం ఒకప్పుడు ఖరీదు, కాబట్టి జీపీ5ను తయారు చేసే ఓఆర్‌ఎఫ్5 అనే జన్యువును మాత్రమే, ఓ 600 అక్షరాలు, చదివేవాళ్లు. అంటే మొత్తంలో నాలుగు శాతం. అది కూడా చదవకుండా మూడు ఎంజైమ్‌లతో కోసి, ఎక్కడెక్కడ తెగిందో చూసి మూడంకెల కోడ్ ఇచ్చే పద్ధతి 1990ల చివర్లో వచ్చింది. 2-5-2 అంటే టీకా వైరస్, 1-8-4 అంటే ఇంకోటి, ఇలా. అమెరికా రైతులు, పశువైద్యులు ఇప్పటికీ ఈ అంకెలతోనే మాట్లాడుకుంటారు. చిక్కేమిటంటే సంబంధం లేని రెండు వైరస్‌లకు ఒకే కోడ్ రావొచ్చు, ఒక్క అక్షరం మారితే తల్లికీ పిల్లకీ వేరే కోడ్ రావొచ్చు. 2020 చివర్లో మిన్నెసోటాలో 1-4-4 అనే వైరస్ విరుచుకుపడినప్పుడు ఇదే జరిగింది, అదే కోడ్‌తో అంతకుముందు తిరిగిన వైరస్‌లకూ దీనికీ సంబంధం లేదు, దాంతో వంశం పేరు కూడా కలిపి చెప్పాల్సి వచ్చింది. వంశాల లెక్క 2010లో మొదలైంది, ఓఆర్‌ఎఫ్5 వరుసలు వేలకొద్దీ పోల్చి రెండో జాతిని 9 వంశాలుగా విడగొట్టారు, తర్వాత అవి 11 అయ్యాయి. కోడ్ కన్నా ఇది ఎంతో నయం. అయితే ఇది కూడా ఆ 600 అక్షరాల మీద కట్టిన ఇల్లే.

ఆ 600 అక్షరాలు మొత్తం కథ చెప్పవనడానికి కారణం, ఈ వైరస్‌లు ముక్కలు మార్చుకుంటాయి. ఒకే పందిలో, ఒకే కణంలో రెండు వైరస్‌లు చేరితే కాపీ చేసే ఎంజైమ్ ఒకదాని మీద మొదలుపెట్టి మధ్యలో రెండోదాని మీదకు దూకేయగలదు. పుట్టే వైరస్ సగం వీడు, సగం వాడు. 2008లో అయోవాలో దొరికిన ఎన్‌ఏడీసీ30 అనే అమెరికా వైరస్‌ను పోలినవి 2013 నాటికి చైనాలో కనిపించడం మొదలై, అప్పటికే అక్కడున్న ప్రాణాంతక వంశంతోనూ, టీకా వైరస్‌లతోనూ ముక్కలు మార్చుకుంటూ పోయాయి. అలాంటి వైరస్‌లో ఓఆర్‌ఎఫ్5 మాత్రం చదివి ‘ఇది అమెరికా వంశం’ అని రిపోర్టు ఇస్తే, పందిని చంపుతున్న భాగం చైనా వంశంది అయ్యుండొచ్చు. డెన్మార్క్‌కు 2019లో మళ్లీ దెబ్బ తగిలింది, ఈసారి రెండు వేర్వేరు టీకాల వైరస్‌లు కలిసి పుట్టిన ఒకటో జాతి వైరస్. అది వీర్యం సరఫరా చేసే మగ పందుల కేంద్రంలోకి చేరింది, అక్కడి నుంచి వీర్యంతో పాటు ఎన్నో ఫారాలకు వెళ్లిపోయింది.

పందుల వైరస్‌లన్నీ ఇలాగే ఉంటాయనుకుంటే మళ్లీ పొరపాటు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ డీఎన్‌ఏ వైరస్, జన్యువు లక్షా డెబ్బై వేల అక్షరాల పైమాటే, మారేది చాలా నెమ్మదిగా. 2007లో జార్జియాకు చేరిన వైరస్‌కూ 2018లో చైనాలో బయటపడిన దానికీ వేయి అక్షరాలకు ఒక్క తేడా వెతకడం కూడా కష్టం. 2020లో అస్సాంలో, 2021లో మిజోరంలో పందుల్ని తుడిచిపెట్టిందీ ఆ వంశమే. అక్కడ ‘చైనా స్ట్రెయిన్’, ‘యూరప్ స్ట్రెయిన్’ అనే విభజనకు జన్యుపరంగా పెద్ద అర్థం లేదు. పీఆర్‌ఆర్‌ఎస్‌లో అర్థం ఉంది, కానీ పేరు సూచించే అర్థం కాదు.

మరి ఈ తేడాలతో పంది శరీరానికి పనేమైనా ఉందా, లేక ఇదంతా కాగితం మీద వంశవృక్షాలు గీసుకునే వాళ్ల సరదాయేనా? ఉంది. ఈ వైరస్ పంది కణంలోకి వెళ్లాలంటే సీడీ163 అనే ప్రోటీన్ తలుపు కావాలి, ఒకటో జాతికైనా రెండో జాతికైనా. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్లు జీన్ ఎడిటింగ్‌తో ఆ ప్రోటీన్ లేని పందుల్ని పుట్టించి, వాటికి వైరస్ సోకదని 2015 చివర్లో చూపించారు. తర్వాత ఇంకో ప్రయోగంలో ప్రోటీన్‌ను పూర్తిగా తీసేయకుండా, వైరస్ పట్టుకునే అయిదో భాగాన్ని మాత్రం అలాంటిదే అయిన ఇంకో ప్రోటీన్ ముక్కతో మార్చారు. 2017లో వచ్చిన ఫలితం చూడండి: ఆ పందులకు ఒకటో జాతి సోకలేదు, రెండో జాతి మాత్రం మామూలుగానే సోకింది. ఒకే తలుపు, కానీ ఆ ముక్క మారితే ఒకటి ఆగిపోయింది, ఇంకోటి లోపలికి నడిచి వెళ్లింది. ఆరు వేల అక్షరాల తేడాకు కణం స్థాయిలో ఇంత స్పష్టమైన ఫలితం కనబడటం అరుదు. ఆ అయిదో భాగాన్ని పూర్తిగా తీసేస్తే రెండూ ఆగుతాయి. అలా తయారైన పందుల్ని ఆహారానికి వాడుకోవచ్చని 2025 ఏప్రిల్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఇచ్చింది, జనం తింటారా లేదా అనేది వేరే సంగతి.

టీకాల విషయంలో మాత్రం జవాబు ఇంత శుభ్రంగా లేదు. ఒక జాతి టీకా ఇంకో జాతి మీద అంతంత మాత్రమే పని చేస్తుంది, అది ఊహించిందే. కానీ ఒకే జాతి లోపల ఓఆర్‌ఎఫ్5 పోలిక ఎక్కువున్న టీకా ఎక్కువ కాపాడుతుందనే లెక్క కూడా నిలబడటం లేదు. దూరపు వంశం టీకా ఒక్కోసారి బాగానే పని చేస్తుంది, దగ్గరిది చేతులెత్తేస్తుంది. ‘మా టీకా మీ ఫారం వైరస్‌కు ఇన్ని శాతం దగ్గర’ అని అమ్మేవాళ్లు చెప్పే మాటకు పెద్ద విలువ ఇవ్వక్కర్లేదు.

కాబట్టి ఎవరైనా ల్యాబ్ రిపోర్టు చేతిలో పెట్టి ‘ఇది చైనా స్ట్రెయిన్‌తో 97 శాతం కలుస్తోంది’ అన్నారనుకోండి, ముందు ఏ భాగం చదివారో అడగాలి, 600 అక్షరాలా, మొత్తం 15,000 అక్షరాలా. దేనితో పోల్చారో అడగాలి, ఎందుకంటే చైనాలో ప్రాణాంతక వైరస్ నుంచి తయారు చేసిన టీకాలు కూడా ఉన్నాయి, ఆ 97 శాతం టీకా వైరస్‌తోనూ రావొచ్చు. ఆ ఫారంలో ఈ మధ్య ఏ టీకా వేశారో, పక్క ఫారంలో ఏది వేశారో, కొత్త పందులు, వీర్యం ఎక్కడి నుంచి తెచ్చారో అడగాలి. వైరస్ ఏ దేశపు పేరుతో ఉందన్నది వీటన్నింటి తర్వాత అడిగినా నష్టం లేదు.